గ్లాసెడు పొలం

ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్, అంటే వస్తువులను నెట్‌కు కలిపే విద్య, దాని పరిశోధనలో మా తిరుపతి ఏ మహానగరానికీ తీసిపోదు. ఏటా ఇక్కడి ప్రాజెక్టు రిపోర్టుల్లో 'స్మార్ట్ ఇరిగేషన్ సిస్టం' ఆదా చేసే నీళ్లన్నీ ఒకచోట చేరిస్తే స్వర్ణముఖిలో ఈపాటికి పడవలు తిరిగేవి. కాలేజీలో పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నవాణ్ణి, చూసి చెబుతున్నాను.

ఈ విద్యకు మూలపురుషులున్నారే, వాళ్లవి మరీ చిన్న కోరికలు. 1982లో అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు కోక్ మెషీన్‌ను నెట్‌వర్క్‌కు తగిలించారు. ఎందుకు? అంత దూరం నడిచి వెళ్లాక సీసాలు లేకపోయినా, ఉన్నవి చల్లబడకపోయినా ఒళ్లు మండుతుందని. 1991లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో కాఫీ పాత్రకు ఎదురుగా కెమెరా పెట్టారు, తీరా వెళ్తే అది ఖాళీగా ఉంటోందని. దాహం వేసింది, పని చేశారు. ఇంత నాటు కారణం చూపిస్తే మా దగ్గర సినాప్సిస్, అదే ప్రాజెక్టుకు ముందు ఇచ్చే సారాంశం, కూడా పాస్ కాదు.

మాది శాస్త్రీయ పద్ధతి. పరిశోధన పేపర్లో మొదటి వాక్యం, భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం. రెండోది, 2020 నాటికి 5,000 కోట్ల పరికరాలు నెట్‌కు కలుస్తాయి. ఇది 2011లో నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో చెప్పిన జోస్యం. 2020 వచ్చింది, పోయింది, లెక్క సగానికి కూడా రాలేదు. అయినా ఒకసారి పేపర్లోకి ఎక్కిన అంకెను దింపడం మర్యాద కాదు కదా, సంవత్సరం మార్చి వాడుకుంటున్నాం. ఇక ఫలితాల్లో ఖచ్చితత్వం నూటికి ఆనుకుని ఉండాలి గానీ నూరు కాకూడదు. నూరైతే పేపరు అచ్చుకు ముందు చదివి తేల్చే రివ్యూయర్‌కు అనుమానం వస్తుంది. రివ్యూయర్ అంటూ ఉంటే.

పరికరాల సంగతీ చెప్పాలి. వేడి, గాలిలో తేమ కొలవడానికి అందరూ వాడే డీహెచ్‌టీ11 సెన్సర్ రెండు డిగ్రీలు అటూ ఇటూ చూపిస్తానని డేటాషీట్‌లోనే నిజాయితీగా ఒప్పుకుంటుంది. మేము దాని కొలతను దశాంశం తర్వాత రెండు అంకెలతో అచ్చు వేస్తాం. మట్టి తడి చూసే చవక సెన్సర్‌కు ఫోర్కులా రెండు కాళ్లుంటాయి. కరెంటు పారేకొద్దీ వాటి మీది రాగి తినేసుకుపోతుంది. దీనికి మావాళ్లు కనుక్కున్న విరుగుడు అమోఘం: మట్టిలో గుచ్చరు. ఇక పరికరాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ఎంక్యూటీటీ. చమురు పైపులైన్లను ఉపగ్రహం మీదుగా కనిపెట్టుకుని ఉండడానికి 1999లో పుట్టిన పద్ధతి అది. మా ల్యాబ్‌లో తులసి కుండీకీ కంప్యూటర్‌కీ మధ్య రెండు మూరల దూరం. ఆ కబురు ఏ దేశంలోనో సర్వర్ దాకా వెళ్లి తిరిగొస్తుంది. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు.

2018 మే నెలలో, యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ, మా పేపర్లు అచ్చయ్యే జర్నళ్లకు తానిచ్చిన ఆమోద జాబితాలోంచి 4,305 జర్నళ్లను ఒక్క దెబ్బకు తీసేసింది. ఆ వారం మా స్టాఫ్ రూములో ఎవరూ టీ తాగలేదు.

పలమనేరు దగ్గర మా మేనమామకు రెండెకరాల కూరగాయల తోట ఉంది. కాలేజీలో ఏం చేస్తున్నారని అడిగితే, మోటారు దానంతట అదే ఆన్ అయ్యే యంత్రం అని గర్వంగా చెప్పాను. ఆయన చొక్కా జేబులోంచి ఫోను తీసి, 'మోటారు' అని సేవ్ చేసుకున్న నంబరు నొక్కాడు. రింగయింది. దూరంగా బోరు దగ్గర గుర్రుమని శబ్దం వచ్చింది.

"స్టార్టరు డబ్బాలో సిమ్ముండాది. అయిదారేండ్లయింది పెట్టి. మీ అత్త ఫోనుకన్నా మరిస్తానేమో గానీ దీనికి రీఛార్జి మరవను."

"మాది మట్టిలో తడి కూడా చూస్తుంది మామా."

"కరెంటిచ్చేదే తొమ్మిది గంటలు. ఆ తొమ్మిది గంటలూ బోరు పోస్తే గదా, నీళ్లు కావాల్నా వద్దా అని మట్టినడిగేది! అది సరే గానీ అల్లుడా, ఏనుగులొచ్చి డ్రిప్పు పైపులు తొక్కేసి పోతా ఉండాయి. అవొచ్చేది ముందుగానే చెప్పే మిషనేమన్నా చేస్తిరా మీ పిలకాయలు?"

కౌండిన్య అడవిలోంచి వచ్చే ఏనుగు ల్యాబ్ టేబుల్ మీద పట్టదు. మామ మీద గౌరవంతో, ఆ ఏడాది అన్ని రిపోర్టుల్లోనూ 'భవిష్యత్ పరిధి' కింద ఏనుగులను చేర్పించాను.

వైవా రోజు. మే నెల, తిరుపతి ఎండ, ఏసీ పనిచేయడం లేదు. బ్యాచ్ నంబర్ ఏడు వాళ్లు స్టీలు గ్లాసులో నీళ్లు పోసి సెన్సర్ ముంచారు. గ్లాసు పొలం, నీళ్లు తడి, గ్లాసులోంచి తీస్తే కరువు. పక్కనే ప్లాస్టిక్ డబ్బాలో చేపల తొట్టి మోటారు, దాని పైపు టేబుల్ అంచున. ఎక్స్‌టర్నల్ గారు, అంటే మార్కులు వేయడానికి బయటి నుంచి వచ్చే పరీక్షకులు, పొరుగు జిల్లా నుంచి బస్సులో వచ్చారు పాపం. పిల్లవాడు స్లైడ్ల వైపు తిరిగి 'సమస్య ప్రస్తావన' చదువుతుంటే, ఆయన వైర్లను పక్కకు నెట్టి, గ్లాసెత్తి గటగటా తాగేశారు.

"సార్, అది పొలం సార్..." అంది వెనక నుంచి ఒకమ్మాయి.

టేబుల్ మీద పడ్డ సెన్సర్ ఆరింది. మోటారును ఆన్ చేసే స్విచ్చి, రిలే, టిక్కుమంది. మోటారు తిరిగి, మిగతా ఆరు బ్యాచ్‌ల రికార్డు పుస్తకాల మీద నీళ్లు చిమ్మింది. ఎక్స్‌టర్నల్ గారు మూతి తుడుచుకుని, "పనిచేస్తోందయ్యా!" అని ఆశ్చర్యపోయి, ఏడో బ్యాచ్‌కు ఫుల్ మార్కులు వేశారు.