జపాన్ ఆడవాళ్లకు లేదట, మరి నీకెందుకట?

మొన్న రాత్రి రెండింటికి నైటీ అంతా చెమటతో తడిసిపోయి లేచి కూర్చున్నాను. ఎలాగూ నిద్ర రాదని ఫోన్ తీస్తే ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్. "జపాన్ భాషలో హాట్ ఫ్లాష్‌కి మాటే లేదు. అంతా మనసులోనే ఉంది. సోయా తినండి, ప్రశాంతంగా ఉండండి." పెట్టింది మా బాబాయి కొడుకు. ఆ టైములో నాకెంత ప్రశాంతత వచ్చుంటుందో మీరే ఊహించుకోండి.

హాట్ ఫ్లాష్ అంటే ముట్లుడిగే వయసులో, అదే మెనోపాజ్‌లో, ఉన్నట్టుండి ఒళ్లు వేడెక్కి చెమటపట్టే ఆవిర్లు. అసలు వాటికి మాట లేదన్నదే తప్పు. తలకి వేడెక్కడాన్ని వాళ్లు నోబొసె అంటారు, మొహం భగ్గుమనడాన్ని హోతెరి అంటారు. అచ్చంగా మెనోపాజ్‌కే వాడే ఒక్క పదం లేదు, అంతే. మార్గరెట్ లాక్ అనే ఆంత్రోపాలజిస్టు (మనుషుల సంస్కృతుల్ని అధ్యయనం చేసేవారు) 1980ల్లో అక్కడి ఆడవాళ్లని అడిగితే, ఆవిర్ల కన్నా భుజాలు పట్టేయడం గురించే వాళ్లు ఎక్కువ చెప్పారు. భుజాల నొప్పి నొప్పి కాదా? మన లిస్టులో లేకపోతే బాధే లేనట్టా?

ఇంకొకటి వినండి. హవాయిలోని హిలో అనే ఊళ్లో జపాన్ మూలాలున్న ఆడవాళ్లనీ, యూరప్ మూలాలున్న ఆడవాళ్లనీ పరీక్షించారు. నోటితో అడిగినప్పుడు జపాన్ మూలాల వాళ్లు ఆవిర్లు తక్కువనే చెప్పారు. ఛాతీ మీద చిన్న పరికరం అంటించి చెమటని కొలిస్తే మాత్రం రెండు గుంపులకీ తేడా కనబడలేదు! ఒళ్లు ఒకటి చెబుతుంటే నోరు ఇంకొకటి చెబుతోందన్నమాట. ఇందులో మనకి తెలియనిదేముంది?

సంస్కృతి ప్రభావం లేదని నేననను. 1975లో మార్షా ఫ్లింట్ అనే ఆవిడ రాజ్‌పుత్ ఆడవాళ్ల గురించి రాసింది. ముట్లుడిగాక వాళ్లకి పరదా తప్పుతుంది, మగవాళ్ల మధ్య కూర్చుని మాట్లాడొచ్చు. వాళ్లు పెద్దగా ఇబ్బందులేవీ చెప్పలేదట. ఏళ్ల తరబడి ఉన్న కట్టు తెగుతుంటే నాలుగు చెమటచుక్కల్ని ఎవరు లెక్కపెడతారు! మెక్సికోలోని మాయా ఆడవాళ్లు అసలు ఆవిర్లే లేవన్నారు. కానీ రక్తపరీక్ష చేస్తే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను అందరికీ పడిపోయినట్టే వాళ్లకీ పడిపోయింది, ఎముకలూ పలచబడుతున్నాయి. ఆవిర్లు లేవు కాబట్టి ఒంట్లో ఏం జరగట్లేదనుకుంటే ఎలా?

సోయా సంగతి కూడా చెప్పేస్తాను. సోయాని ఈక్వాల్ అనే పదార్థంగా మార్చే పేగు బ్యాక్టీరియా అందరికీ ఉండదు. ఆవిర్లు తగ్గడానికి సాయపడేది ఆ ఈక్వాలేనని అంటారు. తూర్పు ఆసియావాళ్లలో సుమారు సగం మందికి ఉంటే, పాశ్చాత్యుల్లో పావు వంతు మందికే ఉంటుంది. ఒకరికి పనిచేసింది ఇంకొకరికి పనిచేయాలని లేదు.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది అమెరికాలోని నల్లజాతి ఆడవాళ్ల విషయం. అక్కడ స్వాన్ అనే పెద్ద అధ్యయనం ఐదు జాతుల ఆడవాళ్లు 3,302 మందిని 1996 నుంచి ఏళ్ల తరబడి గమనించింది. 2015లో వచ్చిన లెక్క ప్రకారం ఆవిర్లు జపాన్ మూలాల వాళ్లకి 4.8 ఏళ్లు, తెల్లవాళ్లకి 6.5 ఏళ్లు, నల్లవాళ్లకి 10.1 ఏళ్లు. పదేళ్లు! డబ్బు ఇబ్బందులు, వివక్ష, ఏళ్ల తరబడి పడే టెన్షన్ ఒంటిని అరగదీస్తాయని పరిశోధకులే అంటున్నారు. పైగా గర్భసంచి తీసేసిన వాళ్లని ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు. నల్లవాళ్లలో ఆ ఆపరేషన్లు ఎక్కువ. అంటే ఎక్కువ బాధపడిన వాళ్లలో కొందరు లెక్కలోకే రాలేదు. "మనసులోనే ఉంది" అనే మాట వాళ్ల ముందు అనగలరా?

నా సంగతికొస్తే, 46 ఏళ్లప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్తే "అప్పుడే ఏంటమ్మా, 51 దాకా టైముంది" అని పంపేశారు. ఆ 51 అమెరికా వాళ్ల సగటు. మన దేశంలో సగటు 46, 47 దగ్గరే ఉంటుంది. ఆ మాట నమ్మి ఏడాదిన్నర థైరాయిడేమో, గుండె జబ్బేమో అని భయపడుతూ గడిపాను.

ఇవన్నీ గ్రూపులో రాశాను. తమ్ముడి జవాబు, "అక్కా, మా ఇంట్లో అయితే అలాంటివేం లేవు." పది నిమిషాలకి వాళ్లావిడ నుంచి విడిగా మెసేజ్ వచ్చింది. "వదినా, నీకూ రాత్రి రెండింటికేనా?"