సెల్ఫ్ పనిచేయని బండి

పని ఒత్తిడికి మందు దొరికింది. బరువు ఒక టన్నుకు కాస్త తక్కువ, రంగు ఒకప్పుడు తెలుపు, బానెట్ కింద ఎలుకల కాపురం. వారానికి రెండు రోజులు, తిన్నారా లేదా అన్న పట్టింపు లేకుండా వాడాలి. పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టడం మాత్రం కుదరదు.

దీన్ని నాకు రాసిచ్చింది డాక్టరు కాదు, మా ఆఫీసు. ఒక సోమవారం పొద్దున్నే చూస్తే మానవ వనరుల విభాగం నుంచి మెయిల్ వచ్చి ఉంది. ‘మీ మానసిక ఆరోగ్యమే మాకు ముఖ్యం. ఏదైనా హాబీ పెట్టుకోండి. చేతులతో చేసే పనైతే మరీ మంచిది’ అని. పంపిన సమయం ఆదివారం రాత్రి 11:48. పంపినవాళ్ల హాబీ ఏమిటో దాన్నిబట్టి తెలిసిపోయింది. అదే మెయిల్ అడుగున, ఇకనుంచి ఇద్దరి పని ఒక్కరే చూసుకోవాలన్న కబురు కూడా ఉంది. జబ్బునూ మందునూ ఒకే కవరులో పంపే సంస్థలు ఈ రోజుల్లో ఎన్ని ఉన్నాయి చెప్పండి?

నేను చెప్పిన మాట వినే ఉద్యోగిని. నెల తిరక్కుండానే, ఒకరి పెరట్లో పదకొండేళ్లుగా కదలకుండా పడున్న కారు కొని, లారీ మీద ఎక్కించి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి దాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసింది.

“ఇద్దర్లో ముందు ఎవర్ని బాగుచేస్తారండీ?” అంది.

వెటకారంగానే అన్నా, అందులో శాస్త్రం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో బర్నవుట్‌కు చోటిచ్చింది. జబ్బుగా కాదు, ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితిగా. లక్షణాలు మూడు. ఒంట్లో సత్తువ అయిపోవడం, పని మీద మనసు విరిగి దూరం జరగడం, పనిలో సామర్థ్యం పడిపోవడం. ఆ మూడూ కాగితం మీద రాసుకుని కారు చుట్టూ తిరిగాను. బ్యాటరీ పూర్తిగా చచ్చింది, కాబట్టి మొదటిది ఉంది. కింద రేకు తుప్పుతిని రాలిపోయి, గడ్డి సీట్ల దాకా పెరిగింది. లోకంతో సంబంధం తెంచుకుందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మూడోదానికి పరీక్షే అక్కర్లేదు, వచ్చిందే లారీ మీద. ఆ సంస్థే ఇంకో ముక్క కూడా చెప్పింది. బర్నవుట్ అనే మాటను ఉద్యోగానికి తప్ప జీవితంలో వేరే దేనికీ వాడకూడదట. ఇది కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

పని నుంచి మనిషి తేరుకోవాలంటే ఏం కావాలో సబీన్ సోనెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2007లో నాలుగు కొలతలుగా తేల్చారు. మనసు పని నుంచి పూర్తిగా విడిపోవాలి, విశ్రాంతి ఉండాలి, ఏదో ఒక కొత్త విద్య మీద పట్టు రావాలి, ఖాళీ సమయం మన చేతిలో ఉందనిపించాలి. పాత కారు ఇవన్నీ ఇస్తుంది. కాకపోతే దాని పద్ధతిలో ఇస్తుంది.

మనసు విడిపోవడం సంగతి ముందు చెబుతాను. కారు కింద వెల్లకిలా పడుకుని, టార్చిలైటు పళ్లతో కరిచిపట్టి, బ్రేకు పైపు నట్టు విప్పుతుంటారు. పాత బ్రేక్ ఆయిల్ చుక్క సరిగ్గా వచ్చి కంట్లో పడుతుంది. అది పెయింటును కూడా తినేసే సరుకు. ఆ క్షణాన మీకు ఈ త్రైమాసికం టార్గెట్లు గుర్తొస్తే అడగండి. కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమని మా వాళ్లు డబ్బిచ్చి పిలిపించిన గురువుగారు గంటసేపు కష్టపడ్డా సాధించలేనిది ఒక్క చుక్కతో అయిపోయింది. కళ్లు మాత్రం రెండు పద్ధతుల్లోనూ మూసుకోవాలి.

విద్య విషయానికొస్తే, నేను తుప్పులో పట్టభద్రుణ్ణి. ఇనుము తుప్పుగా మారితే ఉబ్బుతుంది, ముందున్నదానికన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే నట్టుకూ బోల్టుకూ మధ్య ఇరుక్కుని రెండింటినీ కదలనివ్వదు. మా ఆఫీసులో ఉపసంఘాలు పనిచేసే పద్ధతీ ఇదే కాబట్టి నాకు త్వరగా బోధపడింది. అలాంటి బోల్టుకు నూనె పట్టించి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు వేడి చూపించాలి. విప్పే ముందు బిగించే వైపు రవ్వంత తిప్పాలి, సుత్తితో మెల్లగా తట్టాలి. కోపం తెచ్చుకుని పానా మీద బలమంతా వేస్తే బోల్టు తల తెగి చేతిలోకొస్తుంది, ఒళ్లు లోపలే ఉండిపోతుంది. ఎన్ని తలలు తెంచానో లెక్క చెప్పను. కానీ ఒక్క సుగుణం మెచ్చుకోవాలి. బోల్టు రానంటే రానంటుంది. ‘పరిశీలనలో ఉంది’ అనదు, ‘పైవాళ్లతో మాట్లాడి చెబుతాం’ అనదు. ఇంత సూటిగా నాతో ఎవరైనా మాట్లాడి చాలా ఏళ్లయింది.

ఇక చేతిలో ఉండటం అంటారా, సిలిండర్లకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్లో పాయింట్లు అని రెండు చిన్న బిళ్లలుంటాయి. అవి తెరుచుకున్నప్పుడు వాటి మధ్య సుమారు 0.4 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. పల్చటి ఫీలర్ గేజ్ రేకు దూర్చి, స్క్రూ కదిపి, ఆ ఎడం నేనే పెట్టాను. నా జీవితంలో నా ఇష్ట ప్రకారం నిర్ణయించగలిగిన దూరం అదొక్కటే. విశ్రాంతి గురించి ప్రస్తుతానికి ఏమీ చెప్పలేను.

మూడో వారంలో, ఊరికే సౌలభ్యం కోసమని, ఒక ఎక్సెల్ షీటు తెరిచాను. విడిభాగాలు, గడువులు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఆదివారం సాయంత్రాలు మా ఆవిడను కూర్చోబెట్టి పురోగతి వివరించేవాణ్ణి. “ఈ బ్రేకుల వరుస నెల నుంచీ పసుపులోనే ఉందేంటండీ?” అని ఆమె అడిగితే, “సంబంధిత విభాగంతో మాట్లాడుతున్నాం” అన్న జవాబు నా నోటి నుంచే వచ్చింది. ఆ విభాగం నేనే. మరో నెలకు శుక్రవారం రాత్రి నుంచే గుండెల్లో దడ మొదలయ్యేది, రేపు షెడ్డులోకి వెళ్లాలి కదా అని. షెడ్డు తలుపు చూస్తే నీరసం, కారు మీద ఏహ్యభావం, చేతనవుతుందన్న నమ్మకం సున్నా. అయితే ఇది ఉద్యోగం కాదు కాబట్టి, ఇందాక చెప్పిన నిర్వచనం ప్రకారం ఇది బర్నవుట్ కాదు. నేను పూర్తి ఆరోగ్యంతో ఉన్నాను.

మరి వదిలేయొచ్చుగా అంటారు. పెట్టిన డబ్బు వృథా అవుతుందని ఇంకా డబ్బు పెట్టుకుంటూ పోయే గుణం మీద ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు 1985లోనే పరిశోధన పత్రం రాశారు. కారు గురించి తెలుసుకుందామని చదివాను. సగానికొచ్చేసరికి నా పదహారేళ్ల సర్వీసు గుర్తొచ్చి మూసేశాను.

చివరికి మేస్త్రీని పిలవక తప్పలేదు. ఆయన హ్యాండిల్ పెట్టి ఇంజన్ను రెండు చుట్లు తిప్పి, “బోరుకొచ్చింది సార్” అన్నాడు. నేనూ అక్కడికే వచ్చానని చెప్పబోయి ఆగాను. సిలిండర్ల గోడలు అరిగిపోతే రింగుల పక్కనుంచి కంప్రెషన్ జారిపోతుంది. అప్పుడు వాటిని కాస్త పెద్దగా కోయించి, ఆ సైజు పిస్టన్లు వేస్తారు. ఆ సిలిండర్ల మీద మూతలా బిగించి ఉండేదే హెడ్డు.

“హెడ్డు దించాలి సార్.”

“దించకుండా కుదరదా?”

“పైపైన ఎంత తుడిచినా లాభం లేదు సార్. తప్పు ఎక్కడుందో హెడ్డు దించితేనే తెలుస్తుంది.”

మా ఆఫీసువాళ్లెవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను.

హెడ్డు మళ్లీ ఎక్కించేటప్పుడు బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, అన్నిటినీ కొద్దికొద్దిగా, మూడు విడతల్లో బిగించాడు. ఒకదాన్నే పూర్తిగా బిగించేస్తే ఏమవుతుందని అడిగాను. భారమంతా అక్కడే పడి హెడ్డు వంకరపోతుందట. మా దగ్గర అలాంటి బోల్టును ‘నమ్మకమైన ఉద్యోగి’ అంటారు.

అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే, కాసేపటికే ఇంజన్ వేడెక్కింది. మెకానిక్కుల వృత్తి మీద నాకున్న తీవ్రమైన అభ్యంతరం ఇక్కడే మొదలైంది. మేస్త్రీ రేడియేటర్ మూత తీసి చూశాడు. ఫ్యాన్ బెల్టు నొక్కి చూశాడు. 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవాల్సిన థర్మోస్టాట్‌ను వేడినీళ్లలో వేసి, తెరుచుకుంటోందా లేదా అని పరీక్షించాడు. నీళ్ల దారుల్లో పేరుకున్న తుప్పు కడిగించాడు. ఇంతసేపట్లో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఇంజన్ వైఖరిలో లోపం ఉందేమో అన్న అనుమానం ఆయనకు రాలేదు. సానుకూలంగా ఆలోచిస్తున్నావా అని దాన్ని అడగలేదు. తప్పంతా పరిస్థితుల మీదకు నెట్టేసి, ఇంజన్ను బాధ్యత నుంచి తప్పించేశాడు. ఆధునిక నిర్వహణ శాస్త్రం ఈ షెడ్లకు ఇంకా చేరలేదు. ఒత్తిడిని తట్టుకోవడం మీద మా సంస్థ వెబినార్ ఒకటి ఫోన్లో ఉంది, బానెట్ ఎత్తి వినిపిద్దామా అన్నాను. మేస్త్రీ చేతులు తుడుచుకుని, “సార్, మీరు కాసేపు నీడలో కూర్చోండి” అన్నాడు.

అసలు ఇంజన్లకు ఈ గారాబం పుట్టుకతోనే అలవాటైంది. 1876లో జర్మనీలో నికోలస్ ఒట్టో నాలుగు స్ట్రోకుల ఇంజన్ కట్టినప్పుడే చెడగొట్టేశాడు. పిస్టన్ నాలుగు కదలికల్లో ఒక్కదానిలోనే శక్తినిస్తుంది. మిగతా మూడింట్లో గాలి పీల్చడం, నొక్కడం, పొగ వదలడం. పీల్చడానికి, వదలడానికి ప్రత్యేకంగా సమయం కేటాయించారండీ! పైగా నాలుగు సిలిండర్లకు 1-3-4-2 అని వంతులు, ఒకటి పనిచేస్తుంటే మిగతా మూడూ వేరే పనుల్లో. ఇంతా చేసి, పోసిన పెట్రోలులో ఉన్న శక్తిలో ఈ పాత బళ్లు పనిగా మార్చేది నాలుగో వంతు చుట్టుపక్కల. మిగిలిందంతా వేడై, రేడియేటర్లోంచీ పొగగొట్టంలోంచీ పోతుంది. ఈ పనితీరుకు మా దగ్గర ప్రొబేషన్ కూడా దాటదు.

2024లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడొకరు బ్రిటన్లో 46 వేల మందికి పైగా ఉద్యోగుల వివరాలు పరిశీలించారు. ఒత్తిడిని తట్టుకునే శిక్షణ, మైండ్‌ఫుల్‌నెస్ తరగతులు, ఆరోగ్య యాప్‌లు వాడినవాళ్లు వాడనివాళ్లకన్నా మెరుగ్గా ఏమీ లేరని తేల్చారు. స్వచ్ఛంద సేవ ఒక్కటే కాస్త మినహాయింపట. మార్చాల్సింది పని జరిగే తీరునని ఆయన వాదన. ఈయనకు ఎవరో మెకానిక్‌తో స్నేహం ఉండుంటుందని నా అనుమానం.

ఇక సెల్ఫ్ మిగిలింది. స్టార్టర్ మోటారును మనం సెల్ఫ్ అంటాం కదా. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ బృందం అమర్చిన విద్యుత్ స్టార్టర్‌తో అది జనంలోకి వచ్చింది. అంతకుముందు దాదాపు అందరూ హ్యాండిల్ తిప్పాల్సిందే, అది వెనక్కి తన్నితే మణికట్టు విరగ్గొట్టుకోవాల్సిందే. మా ఆఫీసు మెయిళ్లలో ఈ మాట లేని వారం ఉండదు. సెల్ఫ్ కేర్, సెల్ఫ్ మోటివేషన్, సెల్ఫ్ అప్రైజల్. అందుకే మా బండి సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకున్నప్పుడు, లోపం సెల్ఫ్‌లోనే ఉందని నేను గట్టిగా నమ్మాను. మేస్త్రీ దాన్ని విప్పి, పక్కన పెట్టి, వేరే బ్యాటరీకి కలిపి చూపించాడు. గిర్రున తిరిగింది.

“సెల్ఫ్ బంగారంలా ఉంది సార్. దానికి కరెంటే అందట్లేదు. వైర్లు తుప్పుపట్టాయి. ఊరికే సెల్ఫ్ కొట్టుకుంటూ కూర్చుంటే అది కూడా కాలిపోతుంది.”

ఈ మాటలను యథాతథంగా మానవ వనరుల విభాగానికి మెయిల్ చేశాను. మీ సూచన మాకెంతో విలువైనదని ఒక్క సెకనులో జవాబు వచ్చింది.

బండి అప్పజెబుతూ మేస్త్రీ జాగ్రత్తలు చెప్పాడు. కొత్త బోరు కాబట్టి మొదటి వెయ్యి కిలోమీటర్లు స్పీడు తోలకూడదు, లోడు వేయకూడదు, ఎత్తు ఎక్కించేటప్పుడు బలవంతం చేయకూడదు, అన్నీ ఒకదానికొకటి సర్దుకోవాలి. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు సర్దుకోవడానికి ఇచ్చే గడువు మొదటిరోజు భోజనవేళ దాకా.

సోమవారం ఆ కారులోనే ఆఫీసుకు వెళ్లాను. దారంతా బాగానే వచ్చింది. పార్కింగుకు ఎక్కే ఏటవాలు దగ్గర ముందు బళ్లు ఆగిపోయి, మొదటి గేరులో పది నిమిషాలు మూలిగి, బుస్సుమని ఆవిరి కక్కింది. దిగి బానెట్ ఎత్తాను. అదే సమయానికి మా మేనేజరు గారు వచ్చారు. కారు చుట్టూ తిరిగి చూశారు. ముఖంలో నిజమైన జాలి కనిపించింది, అబద్ధం చెప్పను.

“అయ్యో, ముట్టుకోకండి. మూత ఇప్పుడే తీయొద్దు, కాలుతుంది. దాని మానాన దాన్ని వదిలేయండి, చల్లారనివ్వండి. పాత ప్రాణం కదా, ఇంత లోడు మీద ఎంతసేపని లాగుతుంది? ఈ రోజు ఇక కదిలించకండి” అన్నారు.

తర్వాత నా వైపు తిరిగి, వాచీ చూసుకున్నారు.

“మీరు రండి, తొమ్మిదిన్నరకు రివ్యూ ఉంది.”