కట్టిన పెట్టె విప్పకూడదు

మానవజాతి అంతమైపోయే కథలు తీసేవాళ్లు మామూలుగా ఖర్చుకు వెనుకాడరు. సముద్రాలు పొంగిస్తారు, మేడలు కూలుస్తారు, పాడుబడ్డ నగరాల్లో జింకలను తిప్పుతారు. ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ సీరియల్‌లో ‘33’ అనే ఎపిసోడ్ తీసినవాళ్లు ఈ తిప్పలేవీ పడలేదు. మిగిలిన మనుషులను నిద్రపోనివ్వలేదు, అంతే. చూసేవాడికి ముచ్చెమటలు పట్టడానికి అదే ఎక్కువ.

2004 అక్టోబరులో బ్రిటన్‌లో, 2005 జనవరిలో అమెరికాలో ప్రసారమైందది. సైలాన్లనే యంత్రాలు మనుషుల మీద తిరగబడి పన్నెండు లోకాలనూ బూడిద చేశాక, ప్రాణాలతో మిగిలింది యాభై వేల చిల్లర మంది. ఒక పాత యుద్ధనౌక, దాని అండన కొన్ని పౌరనౌకలు. వీళ్లు అంతరిక్షంలో ఎక్కడికి గెంతినా సరిగ్గా 33 నిమిషాలకు సైలాన్లు అక్కడ ప్రత్యక్షమవుతారు. మళ్లీ లెక్కలు కట్టుకోవాలి, మళ్లీ గెంతాలి. ఇలా 130 గంటలు, 237 సార్లు. యుద్ధ విమానాలు నడిపేవాళ్లు మాత్రలు మింగి రెప్పలు నిలుపుకుంటారు. పాపం, మాత్ర వేసుకోమంటే ఒకరి మీద ఒకరు విరుచుకుపడతారు. నిద్ర లేనివాడికి శత్రువు ఎవరో గుర్తుండదు, పక్కవాడే కనిపిస్తాడు.

కథ రాసిన రొనాల్డ్ డి. మూర్ ఆ 33కు ప్రత్యేకమైన అర్థమేమీ లేదని తర్వాత చెప్పారు. మా మామయ్యగారు దీన్ని ఒప్పుకోలేదు. “ముప్పై మూడు కోట్ల దేవతలు ఊరికే ఉన్నారా? మనవాళ్లెవరో చెప్పి ఉంటారు” అని తేల్చేశారు.

మామయ్యగారు తెనాలిలో లెక్కల మాస్టారుగా చేరి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. అత్తయ్యగారితో కలిసి డాలస్ శివారులోని మా ఇంటికి వచ్చారు. ఆ వారం చివర తిరుగు ప్రయాణం. పెట్టెలు కట్టడం అయిపోయింది. కొక్కెం తగిలించి ఎత్తి చూసే తూకంతో ఒక్కొక్క పెట్టెనూ తూచి, 23 కిలోల హద్దుకు వెంట్రుకవాసి ఇవతల ఆపి, తాళం వేసి, పైన నైలాన్ తాడు బిగించి, గుమ్మం పక్కన వరసగా నిలబెట్టారు. ఇక చేయడానికి పని లేదు కాబట్టి అందరం టీవీ ముందు కూర్చున్నాం. నాకు ఇష్టమైన ఎపిసోడ్ పెట్టాను.

పది నిమిషాలు గడవకముందే మామయ్యగారు టీపాయ్ మీద రసీదు తీసి వెనక్కి తిప్పారు. 130ని 60తో హెచ్చవేసి 33తో భాగించారు. 236 పాయింట్ మూడు ఆరు. “237కు సరిపోయింది. రాసినవాడికి చదువు వచ్చు” అన్నారు. ఈ ఎపిసోడ్‌కు 2005లో, సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో పురస్కారం వచ్చిందని చెప్పాను. “ఇచ్చేవాళ్లు కూడా గుణించి చూసుకుని ఉంటారు” అన్నారు.

అధ్యక్షురాలు లారా రోస్లిన్ ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పేదని, తర్వాత విద్యామంత్రి అయిందని, పదవికి ముందు వరుసలో ఉన్న 42 మందీ పోవడంతో 43వ మనిషిగా దేశాధినేత అయిందని తెలిసినప్పుడు ఆయన సోఫాలో నిటారుగా సర్దుకున్నారు. ఆవిడ గదిలో తెల్లబోర్డు ఉంటుంది. దాని మీద బతికున్నవాళ్ల సంఖ్య. మొదట్లో 50,298. “చూశావా, ఊళ్లు తగలబడినా హాజరు తీసుకోవడం మానలేదు” అని భార్య వైపు తిరిగి చెప్పారు. అత్తయ్యగారి ధ్యాస వేరే. “యాభై వేల మందికి వంట ఎవరు చేస్తున్నట్టు? ఇందాకటి నుంచి చూస్తున్నాను, ఒక్క పొయ్యి కూడా చూపించలేదు. ముఖాలు అలా పీక్కుపోక ఏం చేస్తాయి?”

అసలు ముడి ఒలింపిక్ క్యారియర్ అనే నౌక దగ్గర పడుతుంది. అందులో 1,345 మంది ప్రయాణికులు. ఒక గెంతులో అది వెనకబడిపోతుంది. అది లేనప్పుడు 33 నిమిషాలు దాటినా సైలాన్లు రారు. అంటే జాడ చెబుతున్నది అదే. కాసేపటికి ఆ నౌక తిరిగి వస్తుంది, లోపల అణ్వస్త్రాలున్నాయని పరికరాలు మొత్తుకుంటాయి. మనవాళ్లే ఉన్న నౌకను కూల్చాలా, వద్దా? రోస్లిన్ కూల్చమంటుంది. బోర్డు మీద సంఖ్య తగ్గుతుంది. చివర్లో ఒక పురిటి కబురు వస్తే ఒకటి కలిపి 47,973 అని రాస్తుంది. “ఆడపిల్లా, మగపిల్లవాడా?” అని అడిగి, మగపిల్లవాడని విని, అత్తయ్యగారు తృప్తిగా పడుకోవడానికి వెళ్లారు.

రాత్రి రెండు దాటాక ఇల్లు కీచుమంది.

అమెరికాలో ఇల్లు కట్టేవాడు పడకగదికొకటి, పడకగదుల బయట ఒకటి, అంతస్తుకొకటి చొప్పున పైకప్పుకు పొగ అలారాలు బిగించాలి. కరెంటు తీగతో పాటు ఒక్కొక్క దానికి బ్యాటరీ కూడా ఉంటుంది. బ్యాటరీ నీరసిస్తే నిమిషానికోసారి ‘కీచ్’ అంటుంది. చలికి బ్యాటరీ మరింత నీరసిస్తుంది కాబట్టి, ఇల్లు చల్లబడే అర్ధరాత్రి దాటాకే ఈ గోల మొదలవుతుంది. పట్టపగలు మొదలైనట్టు నేనెక్కడా వినలేదు.

మొదటి కీచుకు పక్క మీద అటు తిరిగాను. రెండో దానికి ఇటు తిరిగాను. మూడో దానికి మా ఆవిడ, “ఏమండీ, అది మన గదిలోదే” అంది. లేచి నిలబడి చెవి రిక్కించాను. నిమిషం పాటు ఏమీ లేదు. “మన గదిలోది కాదేమో” అని నేను నోరు తెరిచిన క్షణానే కీచుమంది. ఎవరైనా మాట్లాడే దాకా ఆగి, సరిగ్గా అప్పుడే కూయడం ఆ యంత్రానికి ఎవరు నేర్పారో తెలియదు.

దాని జాడ దొరకకపోవడం మన చెవుల తప్పు కూడా కాదు. ఆ శబ్దం సెకనుకు సుమారు మూడు వేల కంపనాలది. శబ్దం ఏ చెవికి ముందు చేరిందో చూసి దిక్కు పట్టడానికి ఈ స్థాయి మరీ ఎక్కువ. ఏ చెవికి గట్టిగా వినిపించిందో చూసి పట్టడానికి సరిపోయేంత ఎక్కువ కాదు. రెండు పద్ధతులకూ మధ్యన, మెదడు చేతులెత్తేసే చోట పడుతుంది. పైగా కూసేది లిప్తపాటు. అందువల్ల మెట్ల మీద నిలబడినవారికి పైనుంచి, పైన నిలబడినవారికి కింద నుంచి వినిపిస్తుంది.

గరాజ్ నుంచి నిచ్చెన తెచ్చాను. ఇంట్లో ఉన్న కొత్త బ్యాటరీల పాకెట్ విప్పి, మేడ మీద అలారాలన్నిటికీ మార్చాను. దిగి, నిచ్చెన మడిచి, చేతులు దులుపుకున్నాను. కీచ్. పడకగదిలోంచి మా అబ్బాయి కళ్లు నులుముకుంటూ వచ్చి, “సైలాన్లు వచ్చారు” అని ప్రకటించాడు. మా ఆవిడ వాడిని కసిరింది. వాడిని కసిరినందుకు నేను ఆవిడను ఏదో అన్నాను. నేను అన్నందుకు ఆవిడ, పెళ్లయిన కొత్తలో నేను బ్యాటరీల విషయంలో చూపిన అశ్రద్ధను తేదీతో సహా గుర్తు చేసింది. యుద్ధనౌకలో అందరూ ఎందుకలా ఒకరినొకరు కరిచారో నాకు సోదాహరణంగా తెలిసింది. తేడా ఏమిటంటే, వాళ్లకు 33 నిమిషాల వ్యవధి ఉంది.

ఈ అలికిడికి కింద గదిలోంచి అత్తామామలు బయటికి వచ్చారు. అత్తయ్యగారు రాగానే అధికారం చేతిలోకి తీసుకున్నారు. “బాబూ, నువ్వు మెట్ల దగ్గర నిలబడు. అమ్మాయీ, నువ్వు వంటింట్లో. ఎవరూ మాట్లాడవద్దు.” అందరం మా మా స్థానాల్లో బిగుసుకుపోయాం. మామయ్యగారు హాలు మధ్యలో నిలబడి, అందరి ముఖాలూ చూసి, “ఏమిటి, ఏమైంది?” అన్నారు. కీచ్.

“అదే, నాన్నా!”

“నాకేమీ వినిపించడం లేదే.”

నిజమే. చెవి మిషను పడుకునేటప్పుడు తీసి బల్ల మీద పెట్టారు. వయసుతో మొదట తగ్గేది ఇలాంటి సన్నటి శబ్దాలు వినే శక్తే. ఇల్లంతా వెర్రెత్తుతుంటే ఆయన ఒక్కరే ప్రశాంతంగా ఉన్నారు. “మీకందరికీ ఆ సినిమా చూసి మనసు చెదిరింది. వెళ్లి పడుకోండి” అని సలహా ఇచ్చారు.

కింది అంతస్తులో బ్యాటరీలు మార్చుకుంటూ వంటింటి నడవా దాకా వచ్చాను. నిచ్చెన వేస్తుండగా మా అబ్బాయి పైకి చూసి, “నాన్నా, దీనికి దీపం లేదు” అన్నాడు. మిగతావాటికి చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతోంది, దీనికి లేదు. రెండు మెట్లెక్కి చూశాను. అది అలారం కాదు. వాడి పుట్టినరోజుకు తెచ్చిన తెల్ల కాగితపు ప్లేటు. నాలుగు వైపులా టేపు వేసి, కింద నుంచి చూస్తే అచ్చం అలారంలాగే ఉండేటట్టు పైకప్పుకు అంటించి ఉంది.

ఈ సీరియల్‌లో అన్నిటికంటే భయపెట్టే సంగతి, సైలాన్లలో కొందరు అచ్చు మనుషుల్లాగే ఉండి, మనతోనే తిరుగుతుంటారని. నేను ప్లేటు పట్టుకుని నిచ్చెన దిగాను. మా ఆవిడ ప్లేటు చూసింది, టేపు నాలుగు వైపులా ఎంత కొలతగా వేసి ఉందో చూసింది, తర్వాత వాళ్ల నాన్నగారిని చూసింది.

“నాన్నా, ఇక్కడి అలారం ఏది?”

“ఆ?”

“అలారం ఏది?”

“నాలుగింటికా? ఇంకా రెండున్నరే అయింది.”

అత్తయ్యగారు వెళ్లి చెవి మిషను తెచ్చి చేతిలో పెట్టారు. ఆయన తగిలించుకున్నారు. కీచ్. మామయ్యగారి ముఖం మారిపోయింది. “అయ్యో, అది ఇంకా బతికే ఉందా!” అన్నారు.

కథంతా అప్పుడు బయటపడింది. మేమిద్దరం ఆఫీసుల్లో ఉన్న ఒక మధ్యాహ్నం, గోంగూర పచ్చడి కోసం అత్తయ్యగారు ఎండుమిరపకాయలు వేయించారు. ఈ అలారాల్లో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం రవ్వంత ఉంటుంది. మైక్రోగ్రాము కూడా కాదు. అది గాలిని విద్యుత్తు పారేలా ఉంచుతుంది, పొగ దూరితే ఆ ప్రవాహం తగ్గి గంట మోగుతుంది. మనుషుల్నీ ఇళ్లనూ కాపాడిన గొప్ప ఉపాయమే. గుంటూరు మిరపకాయను మాత్రం దాన్ని కనిపెట్టినవాళ్లు లెక్కలోకి తీసుకోలేదు. ఒకటి అరిస్తే, తీగ కలిపి ఉన్నాయి కనుక, ఇంట్లోవన్నీ అరిచాయి. మామయ్యగారు కుర్చీ ఎక్కి, దాన్ని తిప్పి, తీగ ఊడదీశారు. బ్యాటరీ ఉంది కాబట్టి అది చేతిలో కూడా అరుస్తూనే ఉంది. దుప్పటిలో చుట్టి, అలసిపోయే దాకా దాని మీద కూర్చున్నారు.

“మళ్లీ పెట్టేయవచ్చు కదా, నాన్నా?”

“మళ్లీ మిరపకాయలు వేయించరా? ఎలాగూ మీకు పనికిరాదు, మంచి వస్తువు, తెనాలిలో మన వంటింట్లో పెడదామనుకున్నాను.”

“అక్కడ మాత్రం మిరపకాయలు వేయించనా?” అన్నారు అత్తయ్యగారు.

ఆయన జవాబు చెప్పకుండా గుమ్మం వైపు చూశారు. తాళం పడి, తాడు బిగిసి, వరసలో రెండోది. లోపలి నుంచి, బట్టల మధ్య నుంచి, కీచ్.

దాన్ని అక్కడే వదిలేసే మార్గం కూడా చర్చకు వచ్చింది. ప్రయాణం రోజు దాకా గరాజ్‌లో పెడదామని మా ఆవిడ అంది. దారి పొడవునా కూసే పెట్టె విమానాశ్రయంలో ఇస్తే తనిఖీ చేసేవాళ్లు ఏమనుకుంటారో ఊహించమన్నాను. లోపల రేడియోధార్మిక పదార్థం కూడా ఉందని మా అబ్బాయి గుర్తు చేశాడు. ప్లాస్టిక్ డొక్కు దాటి వచ్చే కిరణాలు దాదాపు లేనట్టే కాబట్టి భయం లేదు, కానీ మామయ్యగారి పట్టుపంచెల మడతల్లో ఉన్న ఆ అమెరీషియం సగానికి తరగడానికి 432 ఏళ్లు పడుతుంది. సైలాన్లు నిజంగా వచ్చి అందరినీ ఊడ్చేసినా అది ఉంటుంది. అప్పటికైనా బ్యాటరీ పూర్తిగా చస్తుందని ఆశ.

మామయ్యగారు మాత్రం ఒకే మాట మీద ఉన్నారు. “కట్టిన పెట్టె విప్పకూడదు. ఎంత కష్టపడి సర్దానో తెలుసా? 22 కిలోల 900 గ్రాములు!” ఆ గొంతులో నిజమైన బాధ ఉంది. అందరం అత్తయ్యగారి వైపు చూశాం. ఆవిడ కొంగు బిగించి, పెట్టె దగ్గరికి నడిచి, కాసేపు నిలబడి, “కోసేయండి” అన్నారు. నేను కత్తెర తెచ్చాను. మామయ్యగారు మరో కీచు భరించలేక చెవి మిషను తీసి జేబులో వేసుకున్నారు.

బాదం, పిస్తా, మనవళ్లకు చాక్లెట్లు, వీధిలో అందరికీ తలా ఒకటి చొప్పున విటమిన్ మాత్రల సీసాలు. వాటి కింద పంచెలు, వాటి మధ్యన అలారం. బ్యాటరీ ఊడదీశాను. నిమిషం చూశాం, ఇంకో నిమిషం కూడా చూశాం. ఏమీ లేదు.

మిగిలిన పని సర్దడమే. “ఎలాగూ విప్పాం కదా” అని అత్తయ్యగారు లోపలికి వెళ్లి ఒక శాలువా, రెండు షాంపూ సీసాలు తెచ్చారు. “ఎలాగూ విప్పారు కదా” అని మా ఆవిడ ఆడపడుచు పిల్లలకు కొన్న బూట్లు తెచ్చింది. అలారం తీసేసిన పెట్టె కాబట్టి తేలికైందని ఇద్దరికీ గట్టి నమ్మకం. మూతి మూయడానికి మా అబ్బాయిని పైన కూర్చోబెట్టి, జిప్పు లాగి, కొత్త తాడు బిగించి, కొక్కెం తగిలించి ఎత్తాను.

“ఇరవై నాలుగు!” అన్నాను.

మామయ్యగారు వంటింట్లోంచి తొంగి చూశారు. “ఇరవై రెండా? అయితే ఇంకా ఖాళీ ఉంది, ఆ నిచ్చెన పక్కకు తీయి బాబూ, జీడిపప్పు డబ్బా పైన పెట్టాను” అన్నారు.