తేదీ చెప్పాల్సింది మోకాలు

మోకాలికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకున్న పదిహేనేళ్ల అమ్మాయిని పోయిన వారం మన గోదావరి డెల్టాలో ఒక స్కూలు పోటీలో పదిహేను వందల మీటర్లు పరిగెత్తించారు. రెండో రౌండుకే కుంటడం మొదలుపెట్టింది. మూడో రౌండులో బ్యాండేజీ వదులై పిక్క కిందికి జారింది. వంగి దాన్ని పైకి లాక్కుని మళ్లీ పరిగెత్తింది. సున్నం గీత దాటాక కొబ్బరిచెట్టు మొదట్లో కూలబడి ఏడ్చింది. ఎందుకు దింపారని మా విలేకరి అడిగితే అక్కడున్న పెద్దమనిషి చెప్పిన జవాబు ఒకటే: స్టీపుల్‌చేజ్ పరుగువీరుడు అవినాష్ సాబ్లే ఆపరేషన్ చేయించుకుని కూడా ఏషియన్ గేమ్స్‌కి వచ్చేస్తున్నాడు, ఈ పిల్లకి ఈ మాత్రం నొప్పి ఒక లెక్కా అని.

సాబ్లే వస్తున్నాడని ఆయనకి ఎవరు చెప్పారు? టీవీలు చెప్పాయి, వాట్సాప్ గ్రూపులు చెప్పాయి. 2025 జులై 11న మొనాకోలో డైమండ్ లీగ్ అంతర్జాతీయ పోటీలో నీటిగుంట దూకే వాటర్ జంప్ దగ్గర సాబ్లే పడిన సంగతి, మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ దాకా వెళ్లిన సంగతి, టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్‌కి వెళ్లలేకపోయిన సంగతి పాఠకులకు తెలిసిందే. 2026 సెప్టెంబర్ 19న జపాన్‌లోని నగోయాలో ఏషియన్ గేమ్స్ మొదలవుతాయి. పడిన రోజు నుంచి అప్పటికి 14 నెలలు. ఆ లెక్క ఒక్కటి పట్టుకుని బంగారు పతకం ముందే మెడలో వేసేస్తున్నారు. ఇంకో వర్గం, అప్పటికి 32 నిండుతాయి, అతని పని అయిపోయిందని తీర్పు చెప్పేసింది. ఈ ఇద్దరూ మోకాలిని మాత్రం అడగలేదు.

స్టీపుల్‌చేజ్ అంటే ఏమిటో ఒకసారి చూడండి. మూడు వేల మీటర్ల పరుగులో 28 అడ్డంకులు, వాటికి తోడు 7 సార్లు వాటర్ జంప్. మగవాళ్లకి అడ్డంకి ఎత్తు 91.4 సెంటీమీటర్లు. మామూలు హర్డిల్‌లా కాలు తగిలితే పక్కకి పడిపోయే రకం కాదది. 80 నుంచి 100 కిలోల బరువుండే దిమ్మ. తగిలితే పడేది మనిషే. వాటర్ జంప్ దగ్గర దాని వెనక 3.66 మీటర్ల పొడవున నీళ్లు. దూలం మీద ఒక కాలు మోపి, తన్ని, ముందుకి ఎగిరి, తడిసిన వాలు మీద ఒంటికాలితో దిగాలి. శరీరం బరువంతా ఆ క్షణంలో ఆ ఒక్క మోకాలి మీదే. వానాకాలంలో బోదె దూకి, అవతలి గట్టు బురదలో కాలు జారి, మోకాలు మెలిపడ్డ అనుభవం ఉన్నవాళ్లకి ఇంతకంటే వివరం అక్కర్లేదు. అదే పనిని 8 నిమిషాల్లో ఏడుసార్లు, పక్కన పదిమంది తోసుకుంటుండగా చెయ్యాలి.

సాబ్లే ఫామ్ గురించి మాకు బెంగ లేదు. 2018లో అతను బద్దలుకొట్టింది 37 ఏళ్ల నాటి జాతీయ రికార్డు. తర్వాత తన రికార్డును తనే మళ్లీ మళ్లీ కొట్టుకుంటూ 2024 జులైలో పారిస్ డైమండ్ లీగ్‌లో 8 నిమిషాల 9.91 సెకన్లకు దిగాడు. హాఫ్ మారథాన్ గంటా 30 సెకన్లలో పూర్తిచేసిన ఊపిరి అతనిది. ఆ ఊపిరి ఆపరేషన్ బల్ల మీద పోదు. కొన్ని నెలల శిక్షణతో తిరిగి వస్తుంది.

వ్యూహం దగ్గరే అసలు చిక్కు. సాబ్లేకి పరుగు మొదటి నుంచీ వేగంగా సాగాలి. 2023 హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో తనే ముందుకి వెళ్లి, వెనకవాళ్లని ఊపిరాడనివ్వకుండా 8:19.50తో బంగారం తెచ్చాడు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో కెన్యా వాళ్లతో చివరి అడుగు దాకా పోరాడి సెకనులో ఇరవయ్యో వంతు తేడాతో రజతం అందుకున్నాడు. అదే ఏడాది యూజీన్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ నెమ్మదిగా నడిచి, చివరి రౌండులో ఒక్కసారిగా పరుగందుకుంది. అక్కడ 11వ స్థానం. 2023 బుడాపెస్ట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో తొలి దశ హీట్స్ దాటలేదు. పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పోటీ ఫైనల్ చేరిన మొదటి భారతీయ పురుషుడయ్యాడు. ఆ ఫైనల్ మొదట్లో ముందుకి వెళ్లినా చివరికి మళ్లీ 11వ స్థానమే. అంటే గుంపులో నక్కి, ఆఖరి రౌండులో తోసుకుంటూ దూసుకెళ్లే ఆట అతనిది కాదు. గెలవాలంటే ముందు పరిగెత్తాలి. ముందు పరిగెత్తాలంటే ప్రతి అడ్డంకినీ అనుమానం లేకుండా దూకాలి. మోకాలి మీద నమ్మకం లేనివాడు దూలం ముందు అడుగు చిన్నది చేస్తాడు, వేగం తగ్గుతుంది, ఉన్న ఒక్క ఆయుధమూ చేజారుతుంది.

పైగా ఈసారి ఎదురుగా ఉన్నది ర్యుజి మియురా. సాబ్లే పడిపోయిన ఆ మొనాకో పరుగులోనే ఈ జపాన్ కుర్రాడు 8:03.43తో రెండో స్థానంలో వచ్చాడు. సాబ్లే జీవితంలో పరిగెత్తిన అత్యుత్తమ పరుగు కంటే అది 6 సెకన్లు ఎక్కువ వేగం. నగోయా మియురాకి సొంత దేశం. పూర్తి ఆరోగ్యంతో ఉన్న సాబ్లేకే అది కొండ. ఈ సంగతి చెప్పకుండా బంగారం ఖాయమని ఊదరగొట్టేవాళ్లు సాబ్లేకి మేలు చేస్తున్నామనుకుంటున్నారు కాబోలు. రేపు అతను నాలుగో స్థానంలో వస్తే మొదటి రాయి వేసేదీ వాళ్లే.

మా మాట స్పష్టం. ముందు అడ్డంకులు లేని పరుగులు పెట్టాలి. 3000, 5000 మీటర్లు. తర్వాత నీళ్లు లేని అడ్డంకులు. వాటర్ జంప్ అన్నిటికంటే ఆఖరున. ఒక్కో మెట్టు దగ్గరా దెబ్బ తగిలిన కాలికీ బాగున్న కాలికీ బలం సమానమైందో లేదో వైద్యులు కొలిచి చెప్పాకే తర్వాతి మెట్టు. ఇలాంటి ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలలలోపు ఆటలోకి దిగితే మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువని క్రీడావైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. తొమ్మిది నెలలనేది కనీసం. అది గడువు తేదీ కాదు. కాలువకి గండిపడితే పూడ్చిన మర్నాడే నిండు నీరు వదలరని మన డెల్టా రైతుకి ఎవరూ నేర్పక్కర్లేదు. మట్టి కుదురుకోవాలి, కొంచెం కొంచెంగా నీరు పెంచాలి, గట్టు చెమ్మగిలుతోందేమో రాత్రుళ్లు లాంతరు పట్టుకుని చూడాలి. గట్టుకి ఇచ్చే ఆ వ్యవధి మనిషి మోకాలికి ఇవ్వలేమా?

సాబ్లే సైనికుడు, సియాచిన్‌లో పనిచేసినవాడు, తన శరీరం సంగతి తనకి తెలుసు, రావాలా వద్దా అతనే తేల్చుకుంటాడు అనేవాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది. కానీ దేశమంతా తేదీ రాసిపెట్టి ఎదురుచూస్తుంటే, ఇంకా సిద్ధంగా లేనని చెప్పే స్వేచ్ఛ ఏ ఆటగాడికి ఉంటుంది? ఆ టెన్షన్‌లో నొప్పిని దాచుకున్న ఆటగాళ్లు ఎంతమంది లేరు?

మా భయం సాబ్లే ఒక్కడి గురించి కాదు. అతని చుట్టూ వైద్యులున్నారు, కోచ్‌లున్నారు, సైన్యం ఉంది. పెద్ద పోటీల్లో క్యాలెండర్ చూసి మోకాలిని నడిపించడం ఒక పద్ధతి అయిపోతే, అదే పద్ధతి కిందికి, మన స్కూలు మైదానానికి వచ్చేసరికి వైద్యుడు ఉండడు, ఫిజియో ఉండడు, ఒక క్రేప్ బ్యాండేజీ ఉంటుంది. పాయింట్లు కావాలి కాబట్టి పిల్ల పరిగెత్తాలి. నొప్పి అంటే నాటకం. అడిగితే సాబ్లే పేరు చెప్పేస్తారు. అతను నగోయా ట్రాక్ మీద కాలు పెట్టకముందే, అతని పేరుతో ఇక్కడ ఒక పిల్ల మోకాలు బలయింది. రేపు అతను నిజంగానే తొందరపడి దిగితే ఈ పేరు చెప్పి ఎన్ని మోకాళ్లు అరగదీస్తారు?

తణుకు నుంచి వెళ్లిన దండి జ్యోతికశ్రీ పారిస్ ఒలింపిక్స్ రిలేలో పరిగెత్తినప్పుడు ఉభయ గోదావరి జిల్లాల్లో ఫ్లెక్సీలు కట్టని సెంటరు లేదు. మంచిదే, మేమూ మొదటి పేజీలో వేశాం. ఆ ఫ్లెక్సీలు కట్టినవాళ్లని అడుగుతున్నాం. మీ మండలంలో వాటర్ జంప్ ఉన్న మైదానం ఒక్కటి చూపించండి. కాలువల మధ్య పుట్టి పెరిగిన పిల్లలకి నీళ్లు దూకడం నేర్పే గుంట ఒక్కటి తవ్వించలేదు. పోటీల రోజున ఐసు ముక్కలు పెట్టిన డబ్బా, మోకాలు చూడగలిగిన మనిషి ఒకరు ఉండేలా చూడలేదు. పతకం మాత్రం తేదీ ప్రకారం కావాలి.

ఆ అమ్మాయి పేరు తర్వాతి పోటీల జాబితాలో ఇంకా ఉంది. నిన్న సాయంత్రం కూడా మా విలేకరి చూసి వచ్చాడు. ఆమెని ఇప్పటిదాకా ఏ ఎముకల డాక్టరుకీ చూపించలేదు. పేరు ఈరోజే తీసేయండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఆ ఖర్చు స్కూలు పెట్టుకోవాలి. మోకాలు బాగుందని డాక్టరు కాగితం మీద రాసిచ్చేదాకా ఆ పిల్లని ట్రాక్ మీదికి పిలిచే హక్కు మీలో ఎవరికీ లేదు.