మహారాజశ్రీ సీ వ్యూ గారికి

మహారాజశ్రీ సీ వ్యూ గారి దివ్యసముఖానికి,

భీమిలి ఒడ్డున ఒక రాత్రి, రెండు పగళ్లు తమ దర్శనం చేసుకుని ఇల్లు చేరిన విధేయుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమంగానే ఉన్నారని తమ రేటు చూస్తేనే తెలుస్తోంది. ఉభయకుశలోపరి.

నేనెవరో తమకి గుర్తుండకపోవచ్చు. తమ దర్బారులో "పార్షియల్ సీ వ్యూ" అని ఒక తరగతి ఉంది చూశారూ, ఆ తరగతివాణ్ని. పూర్తి తమరు కావాలంటే రాత్రికి రెండున్నర వేలు ఎక్కువన్నారు. వెనక్కి తగ్గాను. పార్షియల్ అంటే ఏమిటో గదిలోకి అడుగుపెట్టాక అర్థమైంది. బాల్కనీలో కుడిపక్క చివరికంటా వెళ్లి, ఏసీ డబ్బాని ఆనుకుని నిలబడి మెడ సాచితే, కొబ్బరి చెట్టుకీ వాటర్ ట్యాంకుకీ నడుమ జానెడు బంగాళాఖాతం కనిపించింది. గ్రహణం చూసినట్టు ఇంటిల్లిపాదీ వంతులేసుకుని చూశాం. మా ఆవిడ తన వంతు అయ్యాక లోపలికొచ్చి, "ఈ జానెడుకి ఎంత కట్టారు?" అని మాత్రం అడిగింది.

తమరు ఈ తీరంలో అవతరించకముందు నేను భీమిలి ఎన్నోసార్లు వచ్చాను స్వామీ. విశాఖలో 900కె బస్సెక్కితే బీచి రోడ్డంట పాతిక కిలోమీటర్ల దాకా కుడిపక్క సముద్రం దానంతటదే వచ్చేది. కుడిపక్క సీటుకీ ఎడమపక్క సీటుకీ ఒకటే టికెట్టు. "సముద్రం చూసొద్దాం" అనేవాళ్లమే గానీ, సముద్రం వేరు, దాని వ్యూ వేరు అనీ, రెండోదాన్ని విడిగా అమ్మొచ్చనీ మా కాలంలో ఎవరికీ తట్టలేదు. మంగమారిపేట దగ్గరికొచ్చేసరికి కిటికీలోంచి ఎండుచేపల వాసన లోపలికి జొరబడేది. ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకునేవాణ్ని. తమతో అబద్ధమెందుకు, అందరికంటే ముందు పెట్టుకున్నవాణ్ని నేనే.

అసలు ఈ ఊళ్లో తమ తొలి గిరాకీలు ఎవరో తెలుసా? వలందావాళ్లు. అదే, డచ్చివాళ్లు. బట్టల వ్యాపారానికొచ్చి, జ్వరాలకీ రోగాలకీ పోయినవాళ్లు సముద్రానికి కూతవేటు దూరంలో సమాధుల్లో స్థిరపడ్డారు. 17, 18 శతాబ్దాల నాటి రాళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. పూర్తి సీ వ్యూ, శాశ్వత హక్కు, మెయింటెనెన్స్ చార్జీలు నిల్లు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయినప్పుడు కూడా ఖాళీ చెయ్యనిది వాళ్లొక్కరే. ఆ తర్వాత 1861లో ఊరికి మునిసిపాలిటీ వచ్చింది. దేశంలోని చాలా పట్నాలకి ఆ మాట తెలియని రోజులు. ఇప్పుడు ఊరు విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. అది వేరే కథ, తమరికి పనికిరాదు. బ్రోచర్లలో తమ పక్కన వేసుకోడానికి "హెరిటేజ్" అనే ముక్క ఉంటే చాలు కదా.

తమ నివాసంలో నాకు బాగా నచ్చింది తెప్ప. గేటు లోపల పచ్చికలో నిలబెట్టారు. నీలం రంగు, తెల్ల చారలు, చుట్టూ సీరియల్ లైట్లు, ముందు ఫొటో దిగడానికి ఒక గుండ్రటి అరుగు. మా పిల్లలు దాని మీదెక్కి తెడ్డు పట్టుకుని పదిహేడు ఫొటోలు దిగారు. పక్కనే సెక్యూరిటీ డ్రెస్సులో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. టోపీ ఆయన తలకంటే పెద్దది, చెవుల మీదికి జారుతోంది.

"తెప్ప బాగుంది కదా పెద్దాయనా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆయన వంగాడు. దుంగల్ని కలిపి కట్టిన నైలాన్ తాడు ముడిని బొటనవేలితో నొక్కి చూశాడు. ఆ వేలి గోరు ఎప్పుడో నలిగి, నల్లబడి, అలాగే మిగిలిపోయింది. "ఇది కట్టడం కాదు బాబూ. ఇలాగ కడితే మొదటి కెరటానికే ఏ దుంగకా దుంగ ఎల్లిపోద్ది. అయినా తెప్పని కట్టి ఒగ్గీకూడదు. ఒడ్డుకొచ్చినాక తాడిప్పీసి దుంగలు ఎండలో ఆరబెట్టాల. నేకపోతే నీరు తాగి బరువెక్కిపోతాది. మర్నాడు నీట్లోకి తొయ్యనేం."

"ఇది మర్నాడు నీట్లోకి వెళ్లేది కాదుగా?"

"అదే సెప్తన్నాను" అని టోపీ సర్దుకున్నాడు.

వాళ్ల నాన్న తెప్ప మీద వెళ్లేవాడట. ఈయన ఫైబర్ బోటు మీద వెళ్లాడు. కొడుకు గుజరాత్‌లో వీరావల్ వెళ్లి, అక్కడి బోట్లలో కూలికి చేపలు పడుతున్నాడు. ఉత్తరాంధ్ర తీరం నుంచి అలా వలసపోయేవాళ్లు ఈయన కొడుకొక్కడే కాదు. 2018లో అలా వెళ్లినవాళ్లలో కొందరు పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరి దాకా అక్కడి జైల్లో ఉండి వచ్చారు. తమ ముంగిట తెప్పకి కాపలా కాయడానికి తండ్రి, అరేబియా సముద్రంలో వల లాగడానికి కొడుకు. తమ సేవలో ఎంత చక్కని పని విభజన!

మధ్యాహ్నం తమ సముఖంలోనే భోజనానికి కూర్చున్నాం. అద్దం గోడ, అద్దం అవతల కెరటాలు, మధ్యలో నీలం టైల్స్ కొలను. సముద్రంలో దిగితే ప్రమాదమని బోర్డు పెట్టి, ఆ సముద్రాన్నే చూస్తూ క్లోరిన్ నీళ్లలో నానడానికి ఏర్పాటు చేశారు. మెనూలో "జాలరి స్పెషల్" అని కనపడగానే ప్రాణం లేచొచ్చింది. కుర్రాణ్ని పిలిచాను.

"ఇది ఏం చేప నాయనా?"

"బాసా సార్. ముల్లుండదు."

"ఎక్కడ పట్టింది?"

"ఫ్రీజర్లోది సార్. ఫ్రెష్."

బాసా అంటే వియత్నాంలో మెకాంగ్ నదీతీరాన చెరువుల్లో పెంచే జెల్లజాతి చేప. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని, అన్ని దేశాలు దాటించి, ఒక నదిచేపని జాలరి పేరు మీద నా పళ్లెంలో వేశారు. తిన్నాను. ముల్లు నిజంగానే లేదు. ఆ భోజనంలో ముల్లు ఉన్నది ఒక్క బిల్లుకే. ఆ చోటుకి "షాక్" అని పేరు పెట్టారు, ఇంగ్లీషులో పాక అని అర్థం. బిల్లు చూశాక తెలుగులో కూడా అర్థమైంది. ఇంతకీ తాటాకు కప్పు అదే, వెదురు గుంజలు అవే. జాలరిపేటలో ఉంటే దాన్ని పాక అంటారు, లబ్ధిదారుల జాబితాలో రాసుకుని పక్కా ఇల్లు మంజూరు చేస్తారు. తమ పక్కకొస్తే అదే థీమ్ అవుతుంది.

పాకలంటే గుర్తొచ్చింది. చట్టం కూడా తమరిని చూసి కొంచెం ఒదిగింది సుమండీ. 2011 తీర నియంత్రణ నిబంధనల్లో పల్లెతీరాల్లో పోటు గీత (పోటు వేళ నీళ్లు వచ్చి ఆగే హద్దు) నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కూడదన్నారు. 2019లో నిబంధనలు తిరగరాసినప్పుడు జనం కిక్కిరిసిన పల్లెల్లో ఆ 200 కాస్తా 50 అయింది. టూరిస్టుల తాత్కాలిక పాకలకైతే పోటు గీతకి 10 మీటర్ల దూరం చాలు. పది మీటర్లంటే పెద్దవల లాగేటప్పుడు ఒడ్డున మనుషులు కాలు నిలదొక్కుకోడానికి కూడా చాలదు. మరి వాళ్లు ఎటు జరగాలి? ఆ సంగతి నాకంటే తమకే బాగా తెలియాలి.

సాయంత్రం ఊళ్లోకి నడిచాం. ఒకప్పుడు ఒడ్డుకి దిగే సందు ఉండేదని నాకు జ్ఞాపకం. వెళ్లి చూస్తే విల్లాల ప్రహరీ అడ్డం వచ్చింది. గోడ మీద ఎగిరే సముద్రపు కాకుల బొమ్మ వేయించి, దాని కింద "ఇక్కడ వలలు ఆరబెట్టరాదు" అని రాయించారు. అక్షరాలు కూడా కెరటాల్లా వంపులు తిరిగి ఉన్నాయి. కళాహృదయం.

గోడ చుట్టూ తిరిగి పేటలోకి వెళ్లాం. మే నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. తమకి సీజన్, వాళ్లకి 61 రోజుల పస్తు, రెండూ ఒకే నెలల్లో పడడం దేవుడి లీల. కదలని బోట్లు ఫొటోల్లో బాగా పడతాయని మా వాడే అన్నాడు. ఒక బోటు నీడలో ఒకావిడ ఎండు నెత్తళ్లు కొలిచి పొట్లాలు కడుతోంది. వెనకే వాళ్ల ఇల్లు. గుమ్మం వీధివైపు ఉంది. సముద్రం వైపు ఉత్త గోడ, చిన్న గూడు కూడా లేదు. కోట్ల విలువైన చోట ఇంత అజ్ఞానమా అని మనసులోనే తమరిని తలుచుకుని అడిగాను.

"సముద్రం వైపు కిటికీ పెట్టుకోలేదేమ్మా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎందుకు బాబూ? ఆ గాలికి దీపం నిలబడదు, కూట్లో ఇసక పడతాది. మగోళ్లు ఏటకెల్లినపుడు ఎలాగా ఒడ్డుకొచ్చి సూత్తాం, ఒచ్చీదాకా సూత్తానే ఉంటాం. మళ్లీ ఇంట్లో కూకుని కూడా సూడాలేటి?"

నెత్తళ్లు తూచి ఇస్తూ ఇంకో మాట కూడా చెప్పింది. ఈ మధ్య కార్లలో కొందరు వచ్చి సెంటు ఎంతకిస్తారని అడుగుతున్నారట. భోగాపురంలో విమానాశ్రయం అన్న దగ్గర్నుంచి ఆ కార్లు ఎక్కువయ్యాయట. అమ్మినవాళ్లు ఊరికి దూరంగా అద్దెకి ఉంటున్నారు. "తెల్లారగట్ల మూడింటికి ఆటో కట్టించుకుని ఏటకొత్తన్నారు బాబూ" అంది నవ్వుతూ. ఆటోలో వేటకి! గంగమ్మ తల్లి ఇన్నేళ్లలో ఇలాంటి వాహనం చూసి ఉండదు.

దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర కూడా ఆగాం. వేల ఏళ్ల నాటి ఎర్ర ఇసక. భూగర్భ శాస్త్రవేత్తలు జాతీయ సంపదని ప్రకటించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకి కూడా ఎక్కింది. మేం వెళ్లేసరికి ఒక కాబోయే దంపతుల గౌను ఆ సంపద మీద బారెడు పరిచి ఉంది. పొగబాంబులు పేలుతున్నాయి. పక్కకి తప్పుకుని వచ్చేశాం.

ఇక నా ఫిర్యాదు. ఇంత ఉత్తరం రాసింది దీనికోసమే. నెత్తళ్ల పొట్లం పట్టుకుని గేటు దగ్గరికి రాగానే రిసెప్షన్ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. "సార్, స్మెల్ ఐటమ్స్ లోపలికి అలౌ లేదు. మిగతా గెస్టులకి ఇబ్బంది" అన్నాడు మర్యాదగా. అతని వెనక గోడ మీద గంప నెత్తిన పెట్టుకున్న జాలరి స్త్రీ బొమ్మ, నిలువెత్తుది. గంపలో చేపలు కూడా ఉన్నాయి. వాటికి వాసన లేదు కాబట్టి ఇబ్బంది లేదు.

నేనేమైనా వాదించానా? లేదు. సీ వ్యూ గారి సన్నిధిలో గొంతు పెగల్లేదు. పొట్లం పట్టుకుని దిక్కులు చూస్తుంటే టోపీ పెద్దాయన చెయ్యి చాచాడు. "నా కాడ ఒగ్గీండి బాబూ, రేపు ఎల్లినపుడు అట్టుకెల్దురు. నా కాడుంటే ఎవులూ ఏటీ అనుకోరు." తన కుర్చీ కింద, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకున్నాడు. మర్నాడు మేం కారెక్కుతుంటే గుర్తుగా తెచ్చి ఇచ్చాడు. పైన ఇంకో పేపరు చుట్టి ఉంది.

తమరు ఇంకా పైకి పైకి, పదో అంతస్తుకీ ఇరవయ్యో అంతస్తుకీ ఎదగాలని కోరుకుంటూ,

ఇట్లు
తమ పార్షియల్ విధేయుడు

తా.క.: హైదరాబాదు వచ్చిన మూడో రోజు మా ఆవిడ ఆ నెత్తళ్లు వేయించింది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, మా అపార్ట్‌మెంట్ పేరులో "బే" అని ఉంది లెండి. మొదటి వాయి మూకుట్లో పడిన పది నిమిషాలకి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: "ఏదో దుర్వాసన వస్తోంది, ఎవరి ఫ్లాట్ నుంచో దయచేసి చెప్పగలరు." వంటింటి కిటికీ మూసేసి, "అవునండీ, మాకూ వస్తోంది" అని పెట్టాను.