కర్రకు కరెంటు రాదని ఎవరు చెప్పారు?

మొన్న వాన వెలిసిన పొద్దున మా వీధిలో ఒక అక్క దండెం మీద చీర ఆరేస్తూ షాక్ కొట్టి పడిపోయింది. బతికింది, అదే పదివేలు. ఆ దండెం జీఐ తీగ, అంటే జింకు పూత వేసిన ఇనుప తీగ. ఒక కొస సర్వీస్ వైరు దిగే పైపుకు కట్టి ఉంది. వైరు తొడుగు ఎండకు పగిలి తీగకు రాసుకుంటోంది.

నాకు కోపం తెప్పించింది ఆ తర్వాత జరిగింది. పరుగెత్తుకొచ్చిన వాళ్లు పక్కనున్న వేపచెట్టు కొమ్మ విరిచి తీగను కొట్టబోయారు. పచ్చి కొమ్మ, పైగా నీళ్లు కారుతోంది. నేను అరిచి ఆపి, మెయిన్ దించేశాను. "కర్రకు కరెంటు రాదు కదన్నా" అన్నాడు డిగ్రీ చదువుతున్న పిల్లగాడు!

తప్పు వాడిది కాదు. బడిలో మనకు రెండు వరుసలు రాయించారు. ఇనుము, రాగి వాహకాలు. కర్ర, రబ్బరు బంధకాలు. మార్కులు వచ్చాయి, అయిపోయింది. తడిస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

దేవరకొండలో ఇరవై ఏళ్లుగా మోటార్ వైండింగ్ చేస్తున్నాను. ఆ సాయంత్రం పిల్లలను షాపుకు పిలిచి చూపించాను. ఎండు కర్రకు మీటర్ పెడితే ముల్లు కదల్లేదు. అదే కర్రను రాత్రంతా నానబెట్టి పొద్దున పెడితే కదిలింది. కర్ర మారలేదు, అందులోకి నీళ్లు చేరాయి. నీళ్లలో కూడా తేడా ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ముల్లు కదిలీ కదలనట్టుంది. చిటికెడు ఉప్పు వేయగానే ఎగిరింది. మన నల్లగొండ బోరు నీళ్లకు ఆ ఉప్పు కూడా అక్కర్లేదు. ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, దాంతో పాటు ఇంకా ఎన్నో లవణాలు కరిగి ఉంటాయి. కరెంటును మోసేది అవే.

మన ఒళ్లూ అంతే. పొడి చర్మం లక్ష ఓమ్‌ల దాకా అడ్డుకోగలదు. తడిస్తే వెయ్యికి పడిపోవచ్చు. 230 వోల్టులను వెయ్యితో భాగించండి, 230 మిల్లీ ఆంపియర్లు. ఇళ్లలో ప్రాణం కాపాడే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్, 30 మిల్లీ ఆంపియర్లకే ట్రిప్ అవుతుంది. లెక్క అర్థమైందా? తడి కాళ్లతో స్టార్టర్ డబ్బా ముట్టుకునే ప్రతి రైతన్నా ఈ లెక్క తెలుసుకోవాలి. స్లిప్పర్లున్నాయి కదా అని ధైర్యం వద్దు. తుమ్మముల్లు దిగిన చెప్పు బురదలో ఏం ఆపుతుంది?

అదే తడి ఎర్తింగ్ గుంతలో మనకు చుట్టం. ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోసేది అందుకే. మన రాళ్ల నేలల్లో ఎండాకాలం గుంత ఎండిపోతే ఎర్త్ ఉన్నా లేనట్టే. నెలకు రెండు బిందెలు పోయడానికి బద్ధకమా?

ఇంకొకటి చెప్పకపోతే నిద్ర పట్టదు. సర్వీస్ నుంచి వచ్చే అల్యూమినియం వైరును మోటార్ రాగి కేబుల్‌కు చేత్తో మెలిపెట్టి టేపు చుట్టేస్తారు. అల్యూమినియం మీద గాలికి సన్నని పొర పడుతుంది, ఆ పొర కరెంటును రానివ్వదు. తడి తగిలితే ఆ రెండు లోహాలు కలిసిన చోట అల్యూమినియాన్ని తినేయడం మొదలవుతుంది. జాయింటు వేడెక్కి టేపు కరిగి స్టార్టర్ నల్లబడుతుంది. నా దగ్గరికి వచ్చి "మోటార్ కంపెనీ మంచిది కాదన్నా" అంటారు. బైమెటల్ లగ్ వేయండి, అంటే ఒక వైపు అల్యూమినియం, ఇంకో వైపు రాగి ఉండే జాయింటు ముక్క. వైరు సైజు, అంటే చదరపు ఎంఎం కూడా చూసుకోండి: రాగి తీగ చేసే పని అల్యూమినియం చేయాలంటే దాదాపు 1.6 రెట్లు ఎక్కువ చదరపు ఎంఎం ఉన్న తీగ కావాలి.

బడిపంతుళ్లకు దండం పెట్టి అడుగుతున్నా, ఆ పాఠం రోజు ఒక మీటర్, ఒక తడి కొమ్మ తీసుకెళ్లండి.

నిన్న ఆ అక్క ఇంటికెళ్లి జీఐ తీగ విప్పేశాను. సర్వీస్ వైరుకు దూరంగా రెండు రాతి కడీలకు నైలాన్ తాడు కట్టాను. పక్కింటి దండెం ఇంకా తీగే. రేపు అక్కడికి పోవాలి.