ఆరోగ్య బీమా అందరికీ తప్పనిసరి కావాలని ఎందుకంటున్నాను

అమెరికాలో ఆరోగ్య బీమా గురించిన వాదం మళ్లీ రాజుకుంది. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 వరకు, 43 రోజులపాటు, ఫెడరల్ ప్రభుత్వ కార్యకలాపాలు స్తంభించడానికి ముఖ్య కారణం సొంతంగా బీమా కొనుక్కునేవారికి ప్రీమియంలో ప్రభుత్వం ఇస్తున్న, 2021లో పెంచిన సబ్సిడీల గడువు పొడిగించాలా వద్దా అన్న తగాదాయే. పొడిగింపు రాలేదు. పెంచిన సబ్సిడీలు ఆ ఏడాది చివరితో ఆగిపోయాయి. ఆ వారాల్లో ఇక్కడి తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో జరిగిన చర్చ చదివి నేను చాలా బాధపడ్డాను. కంపెనీ బీమా ఉన్న మనకు ఈ గొడవతో పనేమిటని కొందరు, ఇదంతా సోమరుల పోషణేనని ఇంకొందరు, ఒళ్లు బాగున్నవాణ్ని బీమా కొనమని బలవంతపెట్టే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిదని మరికొందరు రాశారు. జబ్బు ఉన్నవారికి బీమా నిరాకరించకూడదని కూడా వాళ్లే రాశారు. ఈ మాటలన్నీ ఒకే మనిషి ఒకేసారి అనడం కుదరదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో వివరంగా రాస్తున్నాను.

2010 మార్చి 23న ఒబామా సంతకం చేసిన చట్టానికి (ఒబామాకేర్) ముందు, ఉద్యోగం ద్వారా కాకుండా సొంతంగా పాలసీ కొనుక్కోవాలనుకున్న మనిషికి షుగర్ ఉన్నా, ఎప్పుడో క్యాన్సర్‌కు చికిత్స జరిగినా చాలా రాష్ట్రాల్లో బీమా సంస్థ మొహం మీదే తలుపు వేయగలిగేది. 2014 నుంచి అది చెల్లదు. జబ్బును చూపి దరఖాస్తు తిరస్కరించకూడదు, ప్రీమియం పెంచకూడదు. వయసును బట్టి తేడా చూపవచ్చు గానీ పెద్దవారి ప్రీమియం యువకుల ప్రీమియానికి మూడు రెట్లు మించకూడదు. ఈ రక్షణ వద్దనే తెలుగువాడు నాకింతవరకు తారసపడలేదు. మన ఇళ్లలో నలభై దాటేసరికి షుగరో బీపీయో లేనివాళ్లు ఎందరున్నారు?

ఈ రక్షణకు ఒక షరతు ఉంది. జబ్బు చేశాక కూడా అదే ధరకు పాలసీ దొరుకుతుందని తెలిస్తే, జబ్బు చేసేదాకా ఎవరూ డబ్బు కట్టరు. మన ఊళ్లలో చీటీలు నడిపినవారికి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు: తనకు డబ్బు అవసరమైన నెలలోనే వచ్చి కూర్చుంటానని, మిగతా నెలలు కట్టనని ప్రతి సభ్యుడూ అంటే ఆ చీటీ రెండో నెలకే ఎత్తిపోతుంది. అందుకే అందరూ బీమా తీసుకోవాలని, తీసుకోనివారు జరిమానా కట్టాలని ఆ చట్టంలో రాశారు. 2016 నాటికి ఆ జరిమానా మనిషికి 695 డాలర్లు, లేదా ఆదాయంలో రెండున్నర శాతం, ఏది ఎక్కువైతే అది.

సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ప్రాంతాల్లో స్థిరపడిన మనవాళ్లు తమ రాష్ట్రంలోనే జరిగిన ఒక అనుభవాన్ని తెలుసుకోవాలి. వాషింగ్టన్ రాష్ట్రం 1993లో ఒక సంస్కరణ చట్టం చేసింది. జబ్బు పేరుతో బీమా నిరాకరించకూడదన్న నియమమూ, అందరూ బీమా తీసుకోవాలన్న నియమమూ రెండూ అందులో ఉన్నాయి. 1995లో కొత్తగా వచ్చిన చట్టసభ రెండోదాన్ని తీసేసి మొదటిదాన్ని ఉంచింది, ఎందుకంటే మొదటిది జనానికి ఇష్టం, రెండోది కష్టం. తర్వాత జరిగింది ఊహించగలిగినదే: ప్రసవానికో ఆపరేషన్‌కో ముందు పాలసీ కొని, ఆ పని అయిపోగానే మానేసేవారు పెరిగారు, ప్రీమియంలు ఎగబాకాయి, ఆరోగ్యవంతులు తప్పుకున్నారు, సంస్థలు ఒకటొకటిగా వెళ్లిపోయాయి. 1999 నాటికి ఆ రాష్ట్రంలోని చాలా కౌంటీల్లో వ్యక్తిగత పాలసీ కొత్తగా కొందామన్నా అమ్మేవారు లేని స్థితి వచ్చింది. 2000లో నిబంధనలు సడలించి, బాగా జబ్బుపడినవారిని వేరే పథకంలోకి పంపే వెసులుబాటు ఇచ్చాక గానీ సంస్థలు తిరిగి రాలేదు. ఎవరిని కాపాడాలని ఆ చట్టం తెచ్చారో వాళ్లే చివరికి ఆ వరుసలోంచి బయటికి వెళ్లాల్సి వచ్చింది.

అందరూ బీమా తీసుకోవాలన్న ఈ నిర్బంధం ఒక పార్టీ సొత్తు అనుకోవడం కూడా పొరపాటు. 1989లో దీన్ని ప్రతిపాదించినది సంప్రదాయవాదుల హెరిటేజ్ ఫౌండేషన్. 2006లో మసాచుసెట్స్‌లో అమలుకు తెచ్చినది రిపబ్లికన్ గవర్నర్ మిట్ రామ్నీ. 2008 ఎన్నికల పోటీలో హిల్లరీ క్లింటన్ దీన్ని సమర్థిస్తే, ఒబామా వ్యతిరేకించి, అధ్యక్షుడయ్యాక మనసు మార్చుకున్నారు. లెక్క వేయడానికి కూర్చున్న ప్రతివారూ తిరిగి తిరిగి ఇక్కడికే చేరారంటే దానికి కారణం రాజకీయం కన్నా గణితమేనని నేను నమ్ముతాను.

స్వేచ్ఛ గురించి వేసే ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. 2012 మార్చిలో సుప్రీంకోర్టు వాదనల్లో జస్టిస్ స్కాలియా, ఇలాగైతే ప్రభుత్వం జనం చేత బ్రోకలీ కూడా కొనిపించవచ్చు కదా అన్న అర్థంలో అడిగారు. ఆ ఏడాది జూన్ 28న వెలువడిన తీర్పులో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్, వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం కింద ఇలాంటి ఆజ్ఞ చెల్లదని, అయితే కొననివారిపై వేసే పన్నుగా చూస్తే చెల్లుతుందని నిర్ణయించారు. న్యాయశాస్త్రం సంగతి అలా ఉంచి, ఆ ప్రశ్నకు నా సమాధానం ఇది: బ్రోకలీ కొననివాడు ఆకలితో అంగడికి వెళితే దుకాణదారు ఉచితంగా పెట్టాలన్న చట్టం లేదు. ఆసుపత్రికి అలాంటి చట్టం ఉంది. 1986లో రీగన్ హయాంలో వచ్చిన చట్టం ప్రకారం, అత్యవసర విభాగానికి వచ్చిన మనిషి దగ్గర డబ్బు ఉన్నా లేకున్నా పరీక్షించి, ప్రాణాపాయం తప్పించే వరకు చికిత్స చేయవలసిందే. ఆ చట్టం ఉండి తీరాలి. కానీ అది ఉన్నంతకాలం, బీమా వద్దనుకున్న ముప్పై ఏళ్ల యువకుడు రోడ్డు ప్రమాదంలో గాయపడితే అతడు కట్టలేని బిల్లులో కొంత భాగం ఆసుపత్రి మీద, పన్నుల మీద, మిగతావారి మీద పడుతుంది. అతడి స్వేచ్ఛకు ఇతరులు పూచీదార్లుగా ఉన్నారు. ఆ పూచీకి అతడు తన వంతు ముందుగా చెల్లించాలని అడగడం నాకు అన్యాయంగా తోచదు.

2017 జూలైలో చట్టాన్ని రద్దు చేసే ప్రయత్నం సెనేట్‌లో జాన్ మెకెయిన్ ఓటుతో వీగిపోయింది. అదే డిసెంబరులో వచ్చిన పన్నుల చట్టం మాత్రం జరిమానాను 2019 నుంచి సున్నా చేసింది. నియమం పుస్తకంలో మిగిలింది, దాని బలం పోయింది. వ్యతిరేకుల వాదనల్లోకెల్లా బలమైనది ఇక్కడే పుట్టింది: జరిమానా పోయినా బీమా విపణి కూలలేదు కదా, మరి అది అనవసరమేగా అని. నిజమే, కూలలేదు. 2025 నాటికి ఎక్స్ఛేంజీల (ఆ చట్టం కింద సొంతంగా పాలసీ కొనుక్కునే ప్రభుత్వ వేదికల) ద్వారా బీమా తీసుకున్నవారు దాదాపు రెండు కోట్ల నలభై లక్షలకు చేరారు. అయితే దానికి కారణం సబ్సిడీ. ప్రీమియం ఎంత పెరిగినా కుటుంబం కట్టాల్సింది ఆదాయంలో ఒక నిర్ణీత శాతానికి మించకుండా ప్రభుత్వం మిగతాది భరించింది, 2021 నుంచి ఆ సాయాన్ని ఇంకా పెంచి గరిష్ఠంగా ఎనిమిదిన్నర శాతం దగ్గర ఆపింది. ఆరోగ్యవంతుల్ని లోపలికి తేవడానికి ఒకప్పుడు జరిమానా, సబ్సిడీ కలిసి చేసిన పనిని సబ్సిడీ ఒక్కటే మోసింది. ఇప్పుడు పెంచిన సాయమూ పోయింది. ఇద్దరున్న కుటుంబం ఆదాయం 2026లో 84,600 డాలర్లు దాటితే ఒక్క డాలరు సాయం కూడా రాదు. అరవై ఏళ్లు దాటి, 65 ఏళ్లకు వచ్చే మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ బీమా) కోసం ఎదురుచూస్తున్న దంపతులకు ఇది ఎంత దెబ్బో చెప్పనలవి కాదు. సబ్సిడీ పొందుతున్నవారి సొంత చెల్లింపు సగటున రెట్టింపు దాటుతుందని ఆరోగ్య విధానాలను అధ్యయనం చేసే కేఎఫ్ఎఫ్ సంస్థ అంచనా వేసింది. అంత కట్టలేక ముందుగా వదిలేసేది ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్నవారే. వాషింగ్టన్ రాష్ట్రంలో నడిచిన దారి అదే.

ఇక కంపెనీ బీమా ఉన్న మన సంగతి. ఐటీ సంస్థలో చేరిన రోజే, ఒక్క ఆరోగ్య ప్రశ్న అడగకుండా, సహోద్యోగుల్లో పరుగు పందేలకు వెళ్లేవారికీ డయాలిసిస్ చేయించుకునేవారికీ ఒకే ప్రీమియంతో మనల్ని చేర్చుకుంటారు. 2025లో ఉద్యోగుల కుటుంబ బీమా సగటు ఖర్చు ఏడాదికి 26,993 డాలర్లు. అందులో జీతంలోంచి కోసేది సగటున 6,850. మిగతాది కంపెనీ కడుతుందని మనం సంతోషిస్తాం గానీ, అది కూడా మన చేతికి రాని జీతమేనని ఆర్థికవేత్తల్లో చాలామంది చెబుతారు. పైగా దాని మీద పన్ను లేదు, అంటే ప్రభుత్వం మనకూ సబ్సిడీ ఇస్తోంది. దేశంలో వైద్యానికయ్యే ఖర్చులో దాదాపు సగం ఐదు శాతం మంది కోసమే అవుతుంది. ఏటా మన డబ్బుతో ఎవరో ఒకరి గుండె ఆపరేషన్ జరుగుతూనే ఉంది, దానికి మనం ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. ఆ ఏర్పాటునే దుకాణం నడుపుకునేవాడికీ, టాక్సీ తోలేవాడికీ వర్తింపజేద్దామంటే మాత్రం అది సోమరుల పోషణ ఎలా అవుతుంది?

ఆ ఏర్పాటు బయటికి మనం ఎంత సులువుగా జారిపోగలమో కూడా చూడండి. హెచ్-1బి వీసా మీద ఉన్న మనిషికి ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి 60 రోజులు. ఆ రోజుల్లో పాత బీమా కొనసాగించాలంటే కంపెనీ వాటాతో సహా మొత్తం ప్రీమియం, దానిపై రెండు శాతం రుసుము తానే కట్టాలి. నాకు తెలిసిన ఒక కుటుంబం ఇంటి అద్దెకీ ఈ బిల్లుకీ మధ్య అద్దెను ఎంచుకుని, ఇద్దరు చిన్నపిల్లలతో బీమా లేకుండా శీతకాలం గడిపింది. గ్రీన్‌కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులకు 65 ఏళ్లు నిండినా, ఐదేళ్లు ఇక్కడ నివసిస్తే తప్ప మెడికేర్ దొరకదు. అంతవరకు వారికి దిక్కు ఈ ఎక్స్ఛేంజీలే. 2025 జూలై 4న వచ్చిన చట్టం వాళ్ల మీదా చేయి వేసింది. ఐదేళ్లు నిండక, పేదలకిచ్చే ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడ్‌కు నోచుకోని వారిలో, విడిగా పన్ను లెక్క చూపుతూ పేదరిక రేఖ కన్నా తక్కువ ఆదాయం ఉన్నవారికి 2026 నుంచి సబ్సిడీ లేదు. 2027 జనవరి నుంచి హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వీసాలవారికి ఎంత ఆదాయమున్నా లేదు. మనకెందుకీ గొడవ అన్నవారిలో ఎందరు ఈ సంగతి చదివారో నాకు తెలియదు గానీ, చదివినవారు ఆ మాట అని ఉండరని నమ్ముతున్నాను.

నిర్బంధం ఒక్కటే చాలదని కూడా అంతే గట్టిగా అంటాను. కొనే స్తోమత లేనివాణ్ని కొనమనడం క్రూరత్వం. డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో మనవాళ్లు వేల సంఖ్యలో ఉన్న టెక్సస్, బీమా లేనివారి శాతంలో దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. 2012 తీర్పు మెడికెయిడ్ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలేయడంతో టెక్సస్ దాన్ని నేటికీ చేపట్టలేదు. పిల్లలూ వైకల్యమూ లేని పేద కార్మికుడికి అక్కడ మెడికెయిడ్ రాదు, ఆదాయం మరీ తక్కువ కాబట్టి ఎక్స్ఛేంజీ సబ్సిడీ కూడా రాదు. అలాంటివారికి అసలు చట్టమే జరిమానా మినహాయించింది. చౌక పాలసీల డిడక్టబుల్ (బీమా సంస్థ చెల్లించడం మొదలుపెట్టే ముందు మనమే భరించాల్సిన మొత్తం) వేల డాలర్లలో ఉండటం, ఆసుపత్రుల ధరలకు అడ్డూ అదుపూ లేకపోవడం మీద జనానికున్న కోపం న్యాయమైనది. జరిమానా ఆ ధరల్ని తగ్గించదు. తప్పనిసరి బీమా ఉన్న స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్‌లలో ప్రభుత్వం ప్రాథమిక పాలసీలో ఏముండాలో శాసిస్తుంది, తక్కువ ఆదాయంవారి ప్రీమియంలో సాయం చేస్తుంది. ఆ రెండు పనులూ చేశాక నిర్బంధించే నైతిక హక్కు దానికి వస్తుంది.

కాలిఫోర్నియా, న్యూజెర్సీ, మసాచుసెట్స్, రోడ్ ఐలండ్ తమ సొంత జరిమానాలు పెట్టుకున్నాయి. మిగతా దేశమంతటా అది తిరిగి రావాలి, ఆదాయంలో ఎనిమిదిన్నర శాతం పరిమితితో పెంచిన సబ్సిడీ కూడా దానితోపాటే ఒకే చట్టంలో రావాలి, వీసా మీద పన్ను కడుతున్నవారిని అందులో తిరిగి చేర్చాలి. 2026 నవంబరు 3న ఎన్నికలున్నాయి. పౌరసత్వం వచ్చిన మనవాళ్లు విరాళాల విందులకు వచ్చే అభ్యర్థులతో ఫొటోలు దిగుతారు. ఆ ఫొటోకు ముందు ఈ మూడింటిలో మీరు దేనికి ఓటేస్తారని వాళ్లను అడగండి, వాళ్లిచ్చిన జవాబును అదే వాట్సాప్ గ్రూపులో రాయండి.